ట్యాంకులను వేటాడిన బండ్లు

పూర్వపు యుద్ధాలలో ఏనుగుల దండు కదిలివస్తే కాలిబంట్లకు గుండెలు జారిపోయేవి. కత్తులూ, బల్లేలూ చేతబట్టినవాళ్ళు ఎందరున్నా ఏనుగును ఆపటం కష్టం. తుపాకులూ, ఫిరంగులూ వచ్చాక ఏనుగుల కాలం చెల్లిపోయింది. కాని ఇరవయ్యో శతాబ్దంలో అలాటి భయాన్నే మళ్ళీ తెచ్చిపెట్టిన ఉక్కు ఏనుగు ఒకటి పుట్టింది. అదే ట్యాంకు.

1916 సెప్టెంబరు 15 వ తేదీన, మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్సులోని సోమ్ నది ప్రాంతాన బ్రిటిషువాళ్ళు మొట్టమొదటిసారిగా ట్యాంకులను యుద్ధంలోకి దించారు. ఈ సంగతి శత్రువులకు పొక్కకుండా ఉండటానికి, తయారవుతున్నవి నీళ్ళతొట్లని చెప్పుకున్నారు. "ట్యాంకు" అన్న పేరు అలా వచ్చి, అలాగే ఉండిపోయింది. తుపాకిగుళ్ళు దాని ఒంటికి తగిలి రాలిపోయేవి. ముళ్ళతీగలను తొక్కుకుంటూ, కందకాలు దాటుకుంటూ అది ముందుకు వచ్చేది.

దీన్ని ఆపేదెలా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మనుషులు ఒక చిత్రమైన బండ్ల జాతిని తయారుచేశారు. వాటిని ట్యాంకు విధ్వంసక శకటాలు అంటారు. జర్మను భాషలో వాటి పేరుకు "ట్యాంకు వేటగాడు" అని అర్థం. మనం వాటిని వేటబండ్లు అనుకుందాం. అవి పుట్టి, పెరిగి, దాదాపు మాయమైపోవటానికి పట్టిన కాలం చాలా కొద్ది. కాని వాటి కథలో తెలుసుకోదగిన లెక్క ఒకటున్నది.

తలుపు తట్టే ఫిరంగి

రెండవ ప్రపంచయుద్ధం 1939 లో ప్రారంభమయేనాటికి ట్యాంకులను కొట్టటానికి చిన్న చిన్న ఫిరంగులుండేవి. జర్మనులు వాడిన ఫిరంగి గొట్టం నోరు 37 మిల్లీమీటర్ల వెడల్పు. దాని బరువు దాదాపు 330 కిలోలు. నలుగురు మనుషులు దాన్ని తోసుకుపోగలరు, పొదచాటున దాచగలరు.

అయితే ట్యాంకుల కవచం సంవత్సర సంవత్సరానికీ మందమవుతూ వచ్చింది. కొత్త ట్యాంకులకు ఈ ఫిరంగిగుండు తగిలి టంగుమని మోగేది, అంతే. జర్మను సిపాయిలే తమ ఫిరంగికి "తలుపు తట్టేది" అని వెక్కిరింపు పేరు పెట్టుకున్నారు. తలుపు తడుతుంది కాని లోపలికి పోలేదు!

మందమైన ఉక్కును చీల్చాలంటే గుండు బరువుగా ఉంటే చాలదు, అమిత వేగంగా కూడా పోవాలి. గుండు వేగం రెట్టింపయితే దాని దెబ్బలో ఉండే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంత వేగం రావాలంటే ఎక్కువ మందు పెట్టి పేల్చాలి, ఫిరంగి గొట్టం పొడుగ్గా ఉండాలి, ఆ పేలుడుకు బద్దలు కాకుండా దళసరిగా ఉండాలి. ఇవన్నీ కలిసి ఫిరంగి బరువు పెరిగిపోతుంది. బ్రిటిషువాళ్ళు "17 పౌన్ల ఫిరంగి" అని ఒకటి తయారుచేశారు. దాని గుండు బరువు 17 పౌన్లు, అంటే ఏడున్నర కిలోలకు కాస్త ఎక్కువ. ఆ గుండును విసిరే ఫిరంగి బరువు మాత్రం దాదాపు 3 టన్నులు!

మూడు టన్నుల ఫిరంగిని మనుషులు తోయలేరు. దాన్ని లారీకి కట్టి లాక్కుపోయి, విప్పి, గొయ్యి తవ్వి, అందులో దించి, గురి పెట్టేసరికి శత్రువు ట్యాంకులు ఇంకొక దారిన పోయి వెనకనుంచి రావచ్చు. అందుచేత ఫిరంగిని బండికి కట్టి లాగటం మాని, ఫిరంగిని బండి మీదికే ఎక్కించారు. వేటబండి పుట్టింది.

మూడు కోరికలు

ఇలాటి బండిని తయారుచేసే ఇంజనీరుకు మూడు కోరికలుంటాయి. ఒకటి, పెద్ద ఫిరంగి కావాలి. రెండు, మందమైన కవచం కావాలి. మూడు, మంచి వేగం కావాలి. కాని ఇంజను ఒక్కటే. ఎద్దులబండి మీద పది బస్తాలు వేసి, పైన పదిమందిని ఎక్కించి, ఎద్దులు పరిగెత్తాలంటే పరిగెత్తుతాయా? ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఏది వదులుకున్నారన్నదే ఈ బండ్ల కథ.

జర్మనులు 1940 లో, ఇక యుద్ధానికి పనికిరాని ఒక చిన్న ట్యాంకు పైభాగం తీసేసి, దాని మీద 47 మిల్లీమీటర్ల చెకోస్లొవేకియా ఫిరంగిని నిలబెట్టారు. మరుసటి సంవత్సరం, 1941 జూన్ 22 న, వాళ్ళు రష్యా మీదికి దండెత్తారు. అక్కడ వాళ్ళకు టి-34, కెవి అనే రష్యను ట్యాంకులు ఎదురయాయి. జర్మనుల చిన్న ఫిరంగులు వాటిని ఏమీ చెయ్యలేకపోయాయి. అయితే యుద్ధం మొదటి నెలలలో రష్యావారి 76 మిల్లీమీటర్ల ఫిరంగులు ఎన్నో జర్మనుల చేత చిక్కాయి. వాటిని పాత ట్యాంకుల మీద ఎక్కించి, రష్యను ఫిరంగులతో రష్యను ట్యాంకులనే కొట్టసాగారు. ఈ బండ్లకు "మార్డర్" అని పేరు పెట్టారు. అది ముంగిసలాటి ఒక వేటజంతువు పేరు.

మార్డర్ వదులుకున్నది కవచం. దాని రేకులు పలచన, పైకప్పు లేదు. ఎండా వానా మంచూ అన్నీ లోపలివాళ్ళ నెత్తినే. పైన ఎక్కడ గుండు పేలినా దాని ముక్కలు లోపల పడేవి. పైగా బండి ఎత్తు ఎక్కువ కావటంచేత దూరంనుంచే కనిపించేది.

మెడ లేని బండి

మరికొందరు వదులుకున్నది ట్యాంకు తలను. ట్యాంకు మీద ఫిరంగితోబాటు చుట్టూ తిరిగే ఉక్కు గది ఒకటుంటుంది. దాన్ని బురుజు అందాం. ఈ బురుజుకూ, దాన్ని తిప్పే చక్రానికీ చాలా బరువు ఖర్చవుతుంది. చిన్న ట్యాంకు బురుజులో పెద్ద ఫిరంగి పట్టదు కూడానూ. బురుజు తీసేసి ఫిరంగిని బండి ముందుభాగంలోనే బిగిస్తే, అదే బండి మీద పెద్ద ఫిరంగీ పడుతుంది, ముందువైపు కవచమూ పెంచవచ్చు, ఎత్తూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

నష్టం లేకపోలేదు. మెడ పట్టినవాడు పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి కదా? ఈ బండీ అంతే. ఫిరంగి కొద్దిగా మాత్రమే అటూ ఇటూ కదులుతుంది. శత్రువు పక్కనుంచి వస్తే బండి మొత్తం తిరగవలసిందే.

జర్మనుల "స్టుగ్" అనే బండి ఈ జాతిది. మొదట అది కాలిబంట్లకు సాయం చెయ్యటానికి తయారయినది. 1942 లో పొడుగాటి 75 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టాక అది గొప్ప వేటబండి అయింది. దాని ఎత్తు ఏడు అడుగులకు కాస్త ఎక్కువ. కంచెచాటున నక్కితే కనిపించేది కాదు. యుద్ధం ముగిసేలోపల ఇలాటివి సుమారు 10 వేలు తయారయాయి. గొలుసుచక్రాలతో నడిచే కవచశకటాలలో జర్మనీ మరేదీ అన్ని తయారుచెయ్యలేదు.

ఆ తరవాత వచ్చిన "హెట్జర్" ఇంకా చిన్నది. దాని బరువు 16 టన్నులే. ముందు రేకు మందం 60 మిల్లీమీటర్లే అయినా, దాన్ని బాగా ఏటవాలుగా పెట్టారు. ఇందులోని కిటుకు తెలుసుకోవాలంటే వంటింట్లో ఒక అరటికాయను అడ్డంగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి కోయించి చూడండి. ఏటవాలుగా కోసిన ముక్క పొడుగ్గా ఉంటుంది. అలాగే ఏటవాలు రేకును సూటిగా వచ్చిన గుండు చీల్చాలంటే ఎక్కువ ఉక్కులోంచి పోవాలి. హెట్జర్ ముందు రేకు వాలులో ఆ 60 మిల్లీమీటర్లు 120 మిల్లీమీటర్లంత పనిచేశాయి!

రష్యావాళ్ళూ బురుజును వదిలేశారు. 1943 లో వాళ్ళు తయారుచేసిన ఎస్.యు-152 ఫిరంగిగుండు బరువు 40 కిలోలకు పైమాట. ఒక బస్తా బియ్యం పోయి తగిలినట్టే! గుండు కవచాన్ని చీల్చకపోయినా ఆ దెబ్బకు ట్యాంకు పనికిరాకుండా పోయేది. జర్మనులు తమ ట్యాంకులకు పులి, చిరుతపులి అని పేర్లు పెట్టుకున్నారు. అందుచేత రష్యను సిపాయిలు ఈ బండిని "మృగాలను చంపేది" అన్నారు. దీనికీ ఒక లోపమున్నది. అంత బరువైన గుండును కూరటానికి చాలాసేపు పట్టేది. మొదటి గుండు గురి తప్పితే రెండవది పేల్చేలోపల ఏమైనా జరగవచ్చు.

వేగాన్ని నమ్ముకున్నవాళ్ళు

అమెరికావాళ్ళ ఆలోచన వేరు. 1940 లో జర్మను ట్యాంకులు ఆరు వారాలలో ఫ్రాన్సును ఓడించటం వాళ్ళు చూశారు. శత్రువు ట్యాంకులు ఎక్కడ చొచ్చుకువస్తే అక్కడికి రివ్వున పోయి కొట్టే బండ్లు కావాలన్నారు. ఇందుకోసం ప్రత్యేక దళాలను ఏర్పరిచి, టెక్సాస్ రాష్ట్రంలో శిక్షణ ఇచ్చారు. ఒక నల్ల చిరుతపులి ట్యాంకును నోట కరిచి నలిపేస్తున్నట్టు వాళ్ళ చిహ్నం.

1943 మార్చి 23 న, ఉత్తర ఆఫ్రికాలో టునీసియా దేశపు ఎల్ గెట్టార్ వద్ద ఈ దళాలు జర్మను ట్యాంకులను ఎదిరించాయి. దాదాపు 30 ట్యాంకులను దెబ్బతీసి, శత్రువును వెనక్కు మళ్ళించాయి. కాని తమ బండ్లనూ 20 కి పైగా పోగొట్టుకున్నాయి. బయటికి వచ్చి ట్యాంకుతో ముఖాముఖీ తలపడితే పలచటి బండి నిలవదని ఆనాడు తెలిసివచ్చింది. వేటగాడు పులికి ఎదురుగా పోడు, మాటు వేస్తాడు.

ఈ జాతిలో అన్నిటికన్న వడిగలది 1944 లో యుద్ధానికి వచ్చిన ఎం-18. దాన్ని "హెల్‌క్యాట్" అన్నారు. దాని ఇంజను విమానాలకు వాడే రకం. మంచి రోడ్డు మీద గంటకు 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు పోయేది. ఆ యుద్ధంలో గొలుసుచక్రాల పోరాటబండి మరేదీ అంత వేగంగా పోలేదు. దానికి బురుజు ఉన్నది కాని, పైకప్పు లేదు. కవచం చాలాచోట్ల అర అంగుళమే. పెద్ద మరతుపాకిగుళ్ళు కూడా దగ్గిరనుంచి దాన్ని తూట్లు పొడవగలవు.

1944 సెప్టెంబరు 19 వ తేదీ ఉదయం. ఫ్రాన్సులో లొరేన్ ప్రాంతాన, అర్రాకూర్ అనే గ్రామం దగ్గిర దట్టంగా మంచు కమ్మి ఉన్నది. లెఫ్టినెంటు ఎడ్విన్ లైపర్ అనే యువకుడి కింద నాలుగు హెల్‌క్యాట్‌లున్నాయి. అతను జీపులో ముందు పోతున్నాడు. ఉన్నట్టుండి చెట్లలోనుంచి ఒక ట్యాంకు ఫిరంగి మూతి పొడుచుకువచ్చి కనిపించింది. అది జర్మను ట్యాంకు!

లైపర్ సైగ చెయ్యగానే వెనక ఉన్న హెల్‌క్యాట్‌లు పల్లంలోకి జరిగి, ఫిరంగులు మాత్రం పైకి కనిపించేటట్టు నిలబడి పేల్చాయి. ఎదుట ఉన్నవి ప్యాంథర్ అనే పెద్ద ట్యాంకులు. వాటి ముందు కవచం హెల్‌క్యాట్ కవచంకన్న ఎన్నో రెట్లు మందం. వాటి ఫిరంగులు మైలు దూరంనుంచి కూడా కొట్టగలవు. కాని ఆ మంచులో మైలు దూరం ఎవరికి కనిపిస్తుంది? జర్మను సిపాయిలలో చాలామంది కొత్తగా చేరినవాళ్ళు. వాళ్ళు శత్రువు ఎక్కడున్నదీ పోల్చుకునేలోపలే ట్యాంకులు ఒకదాని వెంట ఒకటి మండసాగాయి.

ఆ పోరాటంలో ఎన్ని ట్యాంకులు పోయాయన్నది ఒకరొకరు ఒకోవిధంగా చెబుతారు. తక్కువ చెప్పినవారు ఏడన్నారు. ఎక్కువ చెప్పినవారు పదిహేనన్నారు. ఒక్క సంగతి మాత్రం అందరూ ఒప్పుకున్నారు: లైపర్ నాలుగు బండ్లలో మూడు పోయాయి. గెలిచినవాళ్ళకు మిగిలింది ఒక్కటి! పలచని కవచానికి చెల్లించవలసిన వెల అది. ఆ వెల చెల్లించింది బండి కాదు, అందులోని మనుషులు.

వెనక్కు తిరిగి యుద్ధం చేసిన బండి

బ్రిటిషువాళ్ళ దగ్గిర 3 టన్నుల 17 పౌన్ల ఫిరంగి ఉన్నదని చెప్పుకున్నాం కదా? దాన్ని "వాలెంటైన్" అనే చిన్న ట్యాంకు శరీరం మీద ఎక్కించాలనుకున్నారు. కాని ఫిరంగి గొట్టం చాలా పొడుగు. దాన్ని ముందుకు పెడితే బండికన్న గొట్టమే ఎక్కువగా ముందుకు సాగి, పల్లంలో దిగినప్పుడల్లా నేలకు గుచ్చుకుంటుంది. అందుచేత ఫిరంగిని వెనక్కు తిప్పి పెట్టారు! ఈ బండి పేరు "ఆర్చర్", అంటే విలుకాడు. 1944 చివరలో ఇది యుద్ధానికి వచ్చింది. మొత్తం 655 తయారయాయి.

ఇందులో ఒక తమాషా ఉన్నది. ఫిరంగి పేలినప్పుడు దాని వెనకభాగం జోరుగా వెనక్కు తన్నుతుంది. అది తన్నే చోట సరిగా డ్రైవరు కూచునే స్థలమున్నది. అందుచేత ఫిరంగి పేల్చేముందు డ్రైవరు కిందికి దిగవలసివచ్చేది.

చూడటానికి ఇది నవ్వులాటగా ఉన్నా, సిపాయిలకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. ఎందుకంటే, ఆర్చర్ తన వీపు శత్రువుకేసి పెట్టి, పొదచాటున మాటు వేసేది. రెండు మూడు దెబ్బలు కొట్టగానే డ్రైవరు ఎక్కి కూచుని, బండిని తిప్పే పని లేకుండా సూటిగా ముందుకు తోలుకుపోయేవాడు. శత్రువు గురి పెట్టేసరికి అక్కడ పొద మాత్రమే మిగిలేది!

మూడూ కావాలన్నవాడు

యుద్ధం చివర జర్మనులు ఏదీ వదులుకోకుండా ఒక వేటబండిని తయారుచెయ్యబోయారు. దాని పేరు "యాగ్ట్‌టైగర్". దాని ఫిరంగి 128 మిల్లీమీటర్లది. ముందు కవచం 250 మిల్లీమీటర్లు, అంటే జానెడు మందపు ఉక్కు! అప్పటి ఏ ట్యాంకూ దాన్ని ముందునుంచి చీల్చలేదు. కాని బండి బరువు 70 టన్నులు దాటిపోయింది. ఇంజను మాత్రం 45 టన్నుల ప్యాంథర్‌కు పెట్టినదే, 700 గుర్రాల బలం కలది. ఫలితం ఏమయిందో ఊహించవచ్చు. బండి నత్తనడక నడిచేది, యంత్రాలు విరిగిపోయేవి, చమురు మంచినీళ్ళలా తాగేది, చాలా వంతెనలు దాని బరువు మోయలేవు. వంద కూడా తయారుకాని ఆ బండ్లలో చాలావాటిని శత్రువులు కొట్టనేలేదు. అవి దారిలో ఆగిపోతే సొంత సిబ్బందే పేల్చేసి నడిచి వెళ్ళిపోయారు. మూడు కోరికలూ ఒకేసారి కోరినవాడికి ఒక్కటీ తీరలేదు.

వేటబండి ఏమయింది?

1945 లో యుద్ధం ముగిసింది. 1946 నాటికి అమెరికా తన వేటదళాలను రద్దు చేసింది. ట్యాంకులే పెద్ద పెద్ద ఫిరంగులు మోయటం నేర్చుకున్నాక, వాటిని వేటాడటానికి వేరే బండి అవసరం లేదనుకున్నారు. మిగిలిన దేశాలలో కూడా వేటబండ్లు క్రమంగా తగ్గిపోయాయి.

అయితే వేట ఆగలేదు. తేలిక ఆయుధాలు వచ్చాయి. వాటిలో ఒకటి వెనక్కు తన్నని ఫిరంగి. దీనిలో పేలుడు వాయువు కొంత వెనకనుంచి బయటికి పోతుంది. గుండు ముందుకూ, వాయువు వెనక్కూ పోవటంచేత ఫిరంగి కదలదు. అందుచేత దాన్ని బరువుగా చెయ్యనక్కరలేదు. మామూలు జీపు మీద కూడా పెట్టవచ్చు. కాని వెనకనుంచి వచ్చే మంటా, లేచే దుమ్మూ, ఫిరంగి ఎక్కడున్నదీ శత్రువుకు చాటిచెబుతాయి. పేల్చిన మరుక్షణం చోటు మారాలి. కవచం ఏమీ లేదు.

1965 లో మనకూ పాకిస్తానుకూ యుద్ధం జరిగినప్పుడు, పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గిర, అమెరికాలో తయారయిన ప్యాటన్ ట్యాంకులు మన దేశంలోకి చొచ్చుకువచ్చాయి. సెప్టెంబరు 8 నుంచి 10 దాకా అసల్ ఉత్తర్ గ్రామప్రాంతంలో పెద్ద ట్యాంకుయుద్ధం జరిగింది. మన సైనికులు పొలాలకు నీళ్ళు వదిలి, చెరుకుతోటల మాటున కాచుకుని ఉన్నారు. బరువైన ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి.

అక్కడ చీమా గ్రామం దగ్గిర, నాలుగవ గ్రెనేడియర్స్ దళానికి చెందిన హవల్దారు అబ్దుల్ హమీద్ ఉన్నాడు. ఆయన ఉత్తరప్రదేశ్‌లోని ధామూపూర్ గ్రామస్థుడు. ఒక దర్జీ కొడుకు. ఆయనకున్నది ఒక జీపు, దాని మీద వెనక్కు తన్నని 106 మిల్లీమీటర్ల ఫిరంగి. పైరు మాటున పొంచి, ట్యాంకులు దగ్గిరికి వచ్చేదాకా ఆగి, కొట్టి, వెంటనే చోటు మార్చి, మళ్ళీ కొట్టాడు. ట్యాంకులు ఒకదాని తరవాత ఒకటి పడిపోయాయి. సెప్టెంబరు 10 న, శత్రువు ఆయన జీపును పోల్చుకుని గుండు పేల్చాడు. అబ్దుల్ హమీద్ అక్కడే వీరమరణం పొందాడు. ఆయనకు అప్పటికి 32 ఏళ్ళు. భారతదేశపు అత్యున్నత యుద్ధపురస్కారమైన పరమవీరచక్ర ఆయనకు మరణానంతరం ఇచ్చారు.

ఫిరంగుల తరవాత క్షిపణులు వచ్చాయి. ట్యాంకును తరుముకుంటూ పోయి కొట్టే "నాగ్" అనే క్షిపణిని రూపొందించినది మన హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలోనే. దాన్ని పేల్చాక సిపాయి చూస్తూ కూచోనక్కరలేదు. అదే గురిని గుర్తుపెట్టుకుని, పైకి లేచి, కవచం పలచగా ఉండే ట్యాంకు నెత్తిన పడగలదు. దానికోసం గొలుసుచక్రాల బండి కూడా ఉన్నది. ఒక్కొక్క బండి 12 క్షిపణులు మోస్తుంది. ఆ బండికి ఆధారమైన "శరత్" అనే కవచశకటాన్ని సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధకర్మాగారంలో తయారుచేస్తారు. మాయమైపోయిందనుకున్న వేటబండి ఇలా కొత్త వేషంలో మన ఊళ్ళ పక్కనే తిరిగి పుట్టింది!

ఏ యంత్రానికైనా ఇదే లెక్క. సైకిలు తేలిక, కాని బరువు మోయలేదు. లారీ బరువు మోస్తుంది, కాని సందులో దూరలేదు. ఇకముందు మీరు ఏ యంత్రాన్ని చూసినా, "దీన్ని తయారుచేసినవాళ్ళు ఏది సంపాదించారు? దానికోసం ఏది వదులుకున్నారు?" అని ప్రశ్నించుకోండి. యుద్ధయంత్రాన్ని చూసినప్పుడు మటుకు ఇంకొక ప్రశ్న కూడా వేసుకోండి: "ఆ వదులుకున్నదానికి వెల ఎవరు చెల్లించారు?"